ఆవకాయ సీసా మీద నాలుగు లక్షణాలు

రొమ్ము క్యాన్సర్ అనగానే గులాబీ రంగు రిబ్బన్ గుర్తొస్తుంది. అక్టోబర్ వస్తే చాలు, ఆఫీసుల్లో గులాబీ బెలూన్లు, రోడ్ల మీద గులాబీ టీషర్టుల పరుగులు. మరి అండాశయ క్యాన్సర్‌ది ఏ రంగు? ఇంగ్లిష్‌లో టీల్ అంటారు. మన చీరల షాపుల్లో దానికి దగ్గరి రంగుకి ఇంకా అందమైన పేరుంది... నెమలికంఠం. ఏటా మే 8న ప్రపంచ అండాశయ క్యాన్సర్ దినం. 2013 నుంచి జరుపుతున్నారు. అది ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్తుందో మనలో చాలామందికి తెలియదు. మా ఇంట్లో తెలిసింది పెద్దమ్మ వల్ల.

పెద్దమ్మది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. 2021లో ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "కడుపంతా ఉబ్బరంగా ఉంటోందిరా. రెండు ముద్దలు తినగానే నిండిపోతోంది." మెడికల్ షాపులో గ్యాస్ గోళీలు ఇచ్చారు. దగ్గర్లోని డాక్టర్ కూడా గ్యాసే అన్నాడు. పొట్ట పెరుగుతుంటే ఒళ్లు చేసిందన్నారు చుట్టాలు. కరోనా రోజులు కావడంతో హైదరాబాద్ రావాలంటే భయం. ఐదు నెలలకి స్కాన్ తీస్తే పొట్టలో నీరు చేరి ఉంది. మూడో దశ. ఆపరేషన్, ఆరు కీమోలు అయ్యాయి. రెండేళ్లు బతికింది.

మన దేశంలో ఏటా 45 వేల మందికి పైగా ఈ జబ్బు బయటపడుతోంది. మొదటి దశలోనే దొరికితే 100 మందిలో 90 మంది ఐదేళ్లు దాటి బతుకుతారు. బాగా పాకాక దొరికితే ఆ సంఖ్య 30 దగ్గరికి పడిపోతుంది. దురదృష్టం ఏంటంటే, ఎక్కువ మందికి ముదిరాకే తెలుస్తుంది.

టెస్టు లేని జబ్బు

పెద్దమ్మ పోయాక మేం నలుగురం కలిశాం. నేను, అక్క (పెద్దమ్మ కూతురు), ఆఫీసులో ఇద్దరు ఫ్రెండ్స్. ఏదో ఒకటి చేయాలనుకున్నాం. ఆఫీసులో ఒక సీనియర్ వెంటనే ముందుకొచ్చారు. "200 మందికి ఉచితంగా సీఏ-125 రక్తపరీక్ష క్యాంపు పెట్టండి, డబ్బులు నేనిస్తా" అన్నారు. వినడానికి ఎంత బాగుంది! ఫొటోలు కూడా బాగా వస్తాయి.

కానీ మేం కలిసిన క్యాన్సర్ డాక్టర్ వద్దన్నారు. ఎందుకంటే ఆ పరీక్ష నెలసరి రోజుల్లోనూ పెరిగి కనిపించొచ్చు. ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్, కడుపులో టీబీ ఉన్నా పెరగొచ్చు. పైగా మొదటి దశ క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి నార్మల్‌గానే వస్తుంది. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళల మీద 2001 నుంచి పెద్ద అధ్యయనం చేశారు. ఏ లక్షణాలూ లేనివాళ్లకి ఏటా ఈ పరీక్షో, స్కానో చేస్తూ పోయారు. 2021లో తుది ఫలితం వచ్చింది. దానివల్ల మరణాలు తగ్గలేదు.

అంటే "రండి, టెస్టు చేయించుకోండి" అని పిలవడానికి లేని జబ్బు ఇది. పాప్ స్మియర్ గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ కోసం, దీన్ని పట్టుకోదు. హెచ్‌పీవీ టీకా కూడా దానికే.

మరి జనానికి ఏం చెప్పాలి? లక్షణాలు చెప్పాలి. వాటితో పాటు ఒక లెక్క కూడా చెప్పాలి. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2011లో డాక్టర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో అది ఉంది. కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే నిండినట్టవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం. ఈ నాలుగింటిలో ఏదైనా నెలలో 12 సార్లకు మించి వస్తుంటే, ముఖ్యంగా 50 దాటినవాళ్లలో, పరీక్షలు చేయమంది. సీఏ-125 పనికొచ్చేది ఇక్కడే. లక్షణాలున్న మనిషికి, స్కాన్‌కి తోడుగా.

ఇవి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. చాలామందికి అది నిజంగా గ్యాసే అవుతుంది. కానీ ఎప్పుడో ఒకసారి వచ్చే గ్యాస్‌కీ, నెలలో సగం రోజులు వదలని ఉబ్బరానికీ తేడా ఉంది.

మా సీనియర్‌కి ఇదంతా చెప్పాం. కాసేపు ఆలోచించి, "సరే, ఆ డబ్బు మీ నిధిలో వేసుకోండి" అన్నారు.

"నా గర్భసంచి తీసేశారుగా!"

నెలకో ఆదివారం మహిళా సంఘాల మీటింగులకి వెళ్తున్నాం. మొదటిసారి స్లైడ్లు రెడీ చేసుకుని వెళ్తే అక్కడి ఆశ వర్కర్ నవ్వింది. "అండాశయం అంటే ఎవరికి తెలుస్తది తమ్ముడూ? గర్భసంచికి అటొకటి ఇటొకటి, బాదంకాయంత ఉంటయని చెప్పు." ఆ రోజు నుంచి అలాగే చెప్తున్నాం.

ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు లేచి అనే మాట: "నాకు గర్భసంచి తీసేశారు, ఇంక నాకేం భయం?" మన దగ్గర ఈ ప్రశ్న చిన్నది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ముప్పైల్లోనే తీయించుకున్నవాళ్లు ఎంతమందో! కానీ గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు కూడా తీశారో లేదో కాగితం చూస్తేనే తెలుస్తుంది. చాలాసార్లు వాటిని ఉంచేస్తారు. కాబట్టి అందరికీ ఒకటే చెప్తాం. డిశ్చార్జ్ కాగితం వెతికి, ఏం తీశారో, ఏం ఉంచారో డాక్టర్‌ని అడగండి.

"మగపిల్లాడివి, నీకెందుకు ఇవన్నీ?" అని కూడా అడుగుతారు. దానికి నా దగ్గర సొంత జవాబుంది.

ఇంటి గుట్టు

అమ్మమ్మ కూడా ఇలాగే పోయింది. ఇంట్లో మాత్రం "కడుపులో గడ్డ" అనేవాళ్లు. ఆడపిల్లలున్న ఇల్లు, పేరు బయటికి రావద్దని. పెద్దమ్మ చికిత్స టైంలో జన్యు పరీక్ష చేస్తే బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉందని తేలింది. మామూలుగా 100 మంది ఆడవాళ్లలో ఇద్దరికి కూడా రాని ఈ క్యాన్సర్, ఆ లోపం ఉన్నవాళ్లలో జీవితకాలంలో దాదాపు 40 మందికి వస్తుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు ఇంకా ఎక్కువ. ఆ లోపం అమ్మ నుంచే కాదు, నాన్న నుంచి కూడా రావచ్చు. కొడుక్కైనా కూతురికైనా సగం సగం అవకాశం. మగపిల్లాడికెందుకో ఇప్పుడు అర్థమైంది కదా!

మేం ముగ్గురం పరీక్ష చేయించుకున్నాం. నాకు లేదు. అమ్మకి ఉంది. డాక్టర్ సలహాతో అండాశయాలు, ట్యూబులు తీయించుకుంది. అక్కకీ ఉంది. అప్పటికి తనకి 31, పెళ్లి కాలేదు. బంధువులంతా ఒకే మాట... ఎవరికీ చెప్పకు. ఒక సంబంధం దాదాపు కుదిరింది. అక్క తనే అబ్బాయికి చెప్పేసింది. రెండు రోజులకి వాళ్ల ఇంటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

"బొంబాయి", "ఒకే ఒక్కడు" సినిమాల్లో చూసిన మనీషా కొయిరాలాకి 2012లో బయటపడింది ఈ క్యాన్సరే. ఆమె దాచలేదు, 2018లో పుస్తకమే రాసింది. కానీ సినిమా తార చెప్పడం వేరు, సంబంధాలు చూస్తున్న అమ్మాయి చెప్పడం వేరు. అక్క మొత్తం చదివి, "వెయ్యిరా, పర్లేదు" అన్నాకే ఇది మీ ముందుకొస్తోంది.

మే నెల, మామిడికాయలు

నిధి కోసం పరుగు పెడదామంటే మే ఎండల్లో ఎవరొస్తారు? మా అపార్ట్‌మెంట్ ఆంటీలే దారి చూపించారు. అది ఆవకాయల సీజన్. కాయలు, నూనె, కారం ఖర్చు మేం పెట్టుకున్నాం, కలపడం వాళ్లు చూసుకున్నారు. మే 8న అందరూ నెమలికంఠం చీరలు కట్టుకుని గేటు దగ్గర స్టాల్ పెట్టారు. అరకిలో సీసా 350 రూపాయలు. 60 సీసాలు సాయంత్రానికల్లా అయిపోయాయి. 21 వేలు వచ్చాయి.

సీసా మీద లేబుల్ రాసింది అక్క. నాలుగు లక్షణాలు, కింద పెద్ద అక్షరాల్లో "నెలలో 12 రోజులు దాటితే లేడీ డాక్టర్‌కి చూపించుకోండి, స్కాన్ అడగండి". పాంప్లెట్ ఇస్తే గేటు దాటేలోపు చెత్తబుట్టలోకి వెళ్తుంది. ఆవకాయ సీసా ఏడాదంతా వంటింట్లోనే ఉంటుంది. అన్నం ముందు కూర్చున్నప్పుడే కదా తినబుద్ధి అవుతోందో లేదో తెలిసేది! స్టాల్ దగ్గర ఎవరైనా "ఎందుకమ్మా ఇదంతా" అంటే, "మా అమ్మకి వచ్చింది, నాకు వచ్చే అవకాశం ఉంది" అని అక్క మామూలుగా చెప్పేది. అది విని ఇద్దరు ఆంటీలు పక్కకి పిలిచి వాళ్ల ఇళ్లల్లోని 'కడుపులో గడ్డ'ల గురించి చెప్పారు.

ఆరోగ్యశ్రీ ఉందిగా, మళ్లీ నిధి ఎందుకంటారా? 2007లో మొదలైన ఆ పథకం లేకపోతే మా పెద్దమ్మ ఆపరేషనే అయ్యేది కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. కానీ జబ్బు ఇదీ అని తేలేదాకా స్కాన్లు, పరీక్షల ఖర్చు చాలావరకు చేతి నుంచే పోతుంది. తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు. పేషెంటుకి బస్సు ఫ్రీ, తోడొచ్చే భర్తకో కొడుక్కో టికెట్ తప్పదు. కీమో అయ్యాక వాంతులతో బస్సెక్కలేరు, ఆటో కావాలి. రాత్రి గది, తిండి, పోయిన కూలి... మధ్యలో చికిత్స ఆపేసేది ఇలాంటి చోటే. మా డబ్బు వీటికే వెళ్తోంది, ఆసుపత్రి సోషల్ వర్కర్ ద్వారా, బిల్లుల లెక్కతో.

జనం డబ్బుతో ఎంత దూరం వెళ్లొచ్చో హైదరాబాద్‌లోనే రుజువుంది. క్యాన్సర్‌తో పోయిన భార్య బసవతారకం పేరు మీద ఎన్టీఆర్ తలపెట్టిన ఆసుపత్రికి అమెరికాలోని మన డాక్టర్లు చేతులు కలిపారు. పేరులో 'ఇండో అమెరికన్' అందుకే. 2000లో తెరుచుకుంది. మాది 60 సీసాల ప్రయత్నం. వచ్చే మే నెలకి 200 చేయాలని ఆంటీల ప్లాన్, కాయలకి ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు.

సీసా కొనకపోయినా పర్లేదు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మని "తిన్నావా" అని ఎలాగూ అడుగుతారు. ఆగకుండా ఇంకో రెండు అడగండి. కడుపు నిండా తినగలుగుతోందా? అమ్మమ్మ, నానమ్మ దేనితో పోయారు?