శ్రుతి తప్పే యంత్రం

నాదం ఆహతమనీ అనాహతమనీ ద్వివిధమని సంగీతశాస్త్రం చెబుతున్నది. తాకిడివల్ల జనించేది ఆహతం. ఏ తాకిడీ లేక యోగి హృదయాకాశంలో వినవచ్చేది అనాహతం. మరి తంత్రి, చర్మం, ఊపిరి ఏవీ లేకుండా విద్యుత్ప్రవాహపు ఊగిసలాటతో పుట్టే ధ్వనిని ఏ కోవలో చేర్చాలి? స్పీకరు పొర చివరకు గాలినే కొట్టుచున్నది గనుక అదీ ఆహతమే. యంత్రం ఎంత నూతనమైనా నాదధర్మం పురాతనమే.

శృంగవరపుకోటలో విద్యుత్ పరికరాల మరమ్మతు వృత్తిగా గల ఒక గృహస్థుని ఇంట ఇట్టి యంత్రాలు ఒక గది నిండా ఉండేవి. పాత శ్రుతిపెట్టెలు, మూలబడిన కీబోర్డులు, తన చేతితో టంకం వేసి కూర్చిన ఆసిలేటర్లు. వాటిని విప్పడం, కొత్త మరలు అమర్చడం, రాత్రివేళ ఒంటరిగా మ్రోగించి వినడం ఆయన వ్యసనం.

ఈ విద్యకు చరిత్ర ఉన్నది. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ వోల్టేజితో స్వరాన్ని నియంత్రించే యంత్రభాగాలను నిర్మించాడు. ఒక వోల్టు పెరిగితే షడ్జం పైస్థాయి షడ్జమవుతుంది. అందులో పన్నెండవ వంతు, అనగా సుమారు 83 మిల్లీవోల్టులు, ఒక స్వరస్థానం. 1969లో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు ఒక మూగ్ యంత్రం వచ్చింది. డేవిడ్ ట్యూడర్ దానిని నెలకొల్పగా, ఆ ప్రయత్నానికి అండగా నిలిచినవారిలో గీతా సారాభాయి ఒకరు. 1946లో న్యూయార్కులో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పిన విదుషి ఆమెయే. మనస్సును ప్రశాంతపరచి దైవానుగ్రహానికి పాత్రం చేయడమే సంగీతప్రయోజనమని తన గురువు చెప్పిన మాటను ఆమె కేజ్‌కు అందించింది. ఆ మాట ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. బెంగుళూరులో వేణువాదకుడూ ఇంజనీరూ అయిన జి. రాజ్ నారాయణ్ రూపొందించిన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు, తంబూరాలు నేడు గానసభలలో, దేవాలయాలలో సుపరిచితాలు.

ఆ గృహస్థునకు అత్యంత ప్రియమైనది ఫిల్టరు. రంపపుపళ్ళ వంటి తరంగంలో మూలస్వరంతోబాటు దాని అనుస్వరాలన్నీ నిండి ఉంటాయి. ఫిల్టరు ఏదీ చేర్చదు, తొలగిస్తుంది. తొలగించగా మిగిలినదే వేణువువలెనో వీణవలెనో వినిపిస్తుంది. రొదయంత్రంలో అన్ని శబ్దాలూ కలగలిసి ఏ శ్రుతీ ఉండదు. వానాకాలంలో పుణ్యగిరి జలధార క్రింద నిలిచినవారికి ఆ ఘోష పరిచితమే. ఆ ఘోషనుండి వడగట్టి ఒక్క స్వరాన్ని పైకి తీయవచ్చును. ఇది వేదాంతుల నేతివిచారమును స్ఫురింపజేయును గాని, సామ్యం అంతవరకే. ఫిల్టరు తొలగింపగా మిగిలేది మరియొక శబ్దం. విచారం తొలగింపగా మిగిలేది ఆ శబ్దాన్ని ఎరిగే సాక్షి.

ఆయన తల్లి విజయనగరం సంగీత సంప్రదాయంలో పాడుకున్న ఇల్లాలు. 1919లో స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షులుగా, ద్వారం వేంకటస్వామినాయుడు ఆచార్యులుగా వెలసిన ఆ సంగీతకళాశాల ప్రభావం ఈ ప్రాంతపు గడపగడపకూ సోకినదే. ఆమెకొక పాత శ్రుతిపెట్టె ఉండేది. వేడిమికి దానిలోని ట్రాన్సిస్టర్ల నడక మారి షడ్జం జారేది. ఆమె పాట ఆపి మర త్రిప్పేది.

వార్ధక్యంలో ఆమెకు జ్ఞాపకం తొలగింది. కుమారుని పేరు మరచింది. కుమారుడు ఎన్నడూ శ్రుతి జారని కొత్త డిజిటల్ పెట్టె తెచ్చి మంచంప్రక్కన ఉంచాడు. ఆమె కన్నులు మూసి నిశ్చలంగా ఉండిపోయేది. ఒకనాడు అది పనిచేయక పాతదానిని పెట్టగా, గడియలో షడ్జం జారింది. ఆమె కుడిచేయి లేచి, గాలిలో మర త్రిప్పినట్లు కదిలింది. నాటినుండి ఆమె ఉన్నన్నాళ్ళూ పాత పెట్టెయే మ్రోగింది. చేయి లేచినప్పుడెల్ల ఆయన మర సరిచేసేవాడు.

ఆమె శివైక్యం చెందిన పిమ్మట పెట్టెల సేకరణ హెచ్చింది. ఎక్కడ పాతది అమ్మకానికున్నదన్నా ఆయన పోయి తెచ్చేవాడు. నడవకు కూడ అవి వ్యాపించాయి. ఒక సాయంకాలం భార్య దీపం పెడుతూ, “ఏమండీ, ఇన్ని ఎందుకండీ? ఒక్కటి మోగితే చాలదా?” అన్నది. ఆయన జవాబు చెప్పలేదు. ఆ రాత్రి అన్నింటినీ ఒక్కసారిగా మ్రోగించాడు. ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు జారి గది అంతా రొద అయినది. ఏ చేయీ లేవలేదు.

తాను పెట్టెలను కాక ఆ చేతిని వెదకుచున్నానని ఆయనకు అప్పుడు తెలిసింది. వస్తువు పరిగ్రహమయ్యేది దాని సంఖ్యవల్ల కాదు. పోయినదానిని వస్తువులో దాచుకొనగలమనే భ్రమవల్ల. పాత పెట్టెలను బాగుచేసి సంగీతం నేర్చుకొనే పిల్లల ఇండ్లకు ఇవ్వడం ఆరంభించాడు. అన్నీ వెళ్ళలేదు, కొన్ని నేటికీ నడవలోనే ఉన్నాయి. తల్లి పెట్టె మాత్రం పూజగదిలో ఉన్నది.

ప్రతి ఉదయం సంధ్యావందనానంతరం ఆయన దానిని మ్రోగించి కూర్చుంటాడు. అది జారకుండ చేయగల నేర్పు ఆయనకున్నది, చేయలేదు. జారిన క్షణం తెలియవలెనంటే మనస్సు అక్కడే ఉండాలి. మనస్సు అంగడికో అప్పులకో పోయిన నాడు షడ్జం చాలదూరం పోయినదాకా తెలియదు. కొన్ని దినాలు వెంటనే తెలుస్తుంది, చేయి తనంతట లేస్తుంది.

తప్పని యంత్రం సౌకర్యం ఇస్తుంది. తప్పేది జాగరూకతను అడుగుతుంది. జపమాలలో పూస జారినట్లే మనస్సు జారుతుంది. జారడం దోషం కాదు, జారినది ఎరుగకపోవడమే దోషం.

సర్వం శివార్పణమస్తు.