తాత నడిపిన రోవరు ఇప్పుడు కూలా, కాదా?

పోయిన సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిసినప్పుడు, అవ్వ ట్రంకు పెట్టెలో నుంచి పాత ఫోటోలు తీసింది. ఒక ఫోటోలో తాత తెల్ల చొక్కా వేసుకోని నిలబడి ఉండాడు, పక్కన పొడుగాటి ముక్కు ఉన్న కారు. మా అక్క కొడుకు ఎగబడి చూసినాడు. "మామా, ఇది ఏ కారు? భలే కూల్‌గా ఉంది కదా!" అన్నాడు. నేను పేరు చెప్పినా. వాడు ఫోన్‌లో ఏదో వెతికి, రెండు నిమిషాలకే, "అయ్యో, ఇది ఫ్లాప్ కారంట," అని ఫోటో కింద పెట్టేసినాడు.

తాత అక్కడే కూర్చోని ఉండాడు. ఏమీ అనలేదు. ఆ ఫోటో తీసుకోని పంచెతో తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టినాడు. అందుకే ఇది రాస్తున్నా. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నా. తలకట్టు దగ్గర ఇంకా చెయ్యి కన్నడ వైపే పోతుంది. తప్పులుంటే పెద్దలు సరిదిద్దుకోని చదవండి.

ఆ కారు పేరు స్టాండర్డ్ 2000. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1985లో తెచ్చినారు. కానీ దాని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ దాని పేరు రోవర్ ఎస్‌డీ1. శిడ్లఘట్టలో తాత డ్రైవరుగా ఉన్న పట్టు వ్యాపారి, మా ఇంట్లో అందరూ సాహుకారు అనే ఆయన, 1986లో కొన్నాడు. తాత మాత్రం ఎప్పుడూ స్టాండర్డ్ అనలేదు. "రోవరు బండి" అనే అనేవాడు.

ఇంగ్లండులో ఆ కారు 1976లో వచ్చింది. గీసింది డేవిడ్ బేష్. ఫెరారీ డేటోనాను మనసులో పెట్టుకోని గీసినాడంటారు. ముందర గ్రిల్లు లేదు, ముక్కు పలచన, వెనకాల అయిదో తలుపు పైకి లేస్తుంది. పెద్ద ఆఫీసర్ల కార్లంటే డబ్బా మాదిరి ఉండే కాలంలో అది పెద్ద ధైర్యమే. లోపల మూడున్నర లీటర్ల వీ8 ఇంజను. 1977లో యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి దానికే వచ్చింది. లండన్ పోలీసులు కూడా దాన్ని వాడినారు. 1987లో ఒక రోగి కోసం కాలేయాన్ని స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం నుంచి లండన్ మధ్యలోని ఆసుపత్రికి అట్లాంటి రోవరులోనే తీసుకుపోయినారు. 27 మైళ్ళు, సుమారు అర్ధగంట. ఊరంతా ట్రాఫిక్కు. ఆ వీడియో ఇప్పుడు చూసినా నాకు అరిచేతులు చెమటలు పడతాయి.

ఇంత పేరున్నా, దాన్ని చేసిన బ్రిటిష్ లేల్యాండ్ ఫ్యాక్టరీల్లో ఆ రోజుల్లో సమ్మెలు, రంగు ఊడిపోతుందని, పనితనం బాగలేదని ఫిర్యాదులు. గీత బాగుంది, చేత బాగలేదు అన్నమాట. 1986లో ఇంగ్లండులో దాని తయారీ అయిపోయింది.

మన దేశానికి వచ్చినప్పుడు ఒళ్ళు అదే, గుండె మారిపోయింది. వీ8 పోయి 1991 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజను వచ్చింది. 83 హార్స్‌పవర్. అది 1940ల చివర వచ్చిన స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు ఇంజను వంశం. మన రోడ్లకని ఎత్తు కూడా పెంచినారు. ధర రెండు లక్షలు దాటింది. పెట్రోలు ఎక్కువ తాగుతుందని పేరు పడింది. అప్పటికే మారుతి 800 వచ్చి జనం లెక్కలు మార్చేసింది. 1988 ప్రాంతంలో స్టాండర్డ్ 2000 తయారీ ఆగిపోయింది. మా అక్క కొడుకు చదివిన "ఫ్లాప్" అనే మాట ఇదే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టరును. మా పనిలో మొదట రాసుకునేది, "ఏమి జరగాల". తర్వాత రాసేది, "ఏమి జరిగింది". రెండూ కలవకపోతే బగ్. ఆ లెక్కన చూస్తే రోవరు నిలబడదు. కానీ ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. టెస్టు రాసేటప్పుడు, వాడేవాడు ఎవడు అని ముందు అడగాల. వాడేవాడు మారితే జవాబు మారుతుంది.

ఇదంతా ఆలోచిస్తా ఉండగా, ఉగాది ముందర సాహుకారు కొడుకు నాకు ఫోన్ చేసినాడు. షెడ్డు పడగొడుతున్నారంట. కారు పదిహేనేళ్ళకు పైగా అక్కడే నిలబడి ఉంది. "మీ తాతకి కావాలంటే ఊరికే తీసుకోండి, లేదంటే వారంలో గుజరీకి వేసేస్తాం," అన్నాడు. నాకు ఒకటే ఆశ. తీసుకోవాల, బాగు చేయించాల, తాతని కూర్చోబెట్టి ఊరంతా తిప్పాల, మా అక్క కొడుక్కి చూపించాల. మా ఆవిడ లెక్క వేసింది. ఎత్తుకొచ్చే లారీ బాడుగ, ఇంజను పని, దొరకని సామాన్లు, పాత బండి రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించడం. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో మాకుండేది ఒకే పార్కింగ్. "అమ్మాయి ఫీజు జూన్‌లో కట్టాల," అనింది. అంతే అనింది.

నిర్ణయం తాతకే వదిలేసి, ఒక ఆదివారం ఆయన్ని పిలుచుకోని శిడ్లఘట్టకి పోయినా. ఇప్పుడు ఆయనకి ఎనభై దాటింది. షెడ్డులో టైర్లు నేలకి అంటుకోని, కారు పైన పావురాల రెట్ట. అయినా ఆ ముక్కు ఉంది చూడండి, దుమ్ములో కూడా దాని గీత తెలుస్తా ఉంది. తాత డ్రైవరు తలుపు తీసి, అలవాటుగా కూర్చున్నాడు. డ్యాష్‌బోర్డు పైన మీటర్లన్నీ ఒక పెట్టెలో ఉంటాయి, విడిగా తెచ్చి పెట్టినట్టు. కుడి స్టీరింగు దేశాలకి, ఎడమ స్టీరింగు దేశాలకి సులభంగా మార్చేకి అట్లా చేసినారని నేను చెప్పినా. "అదంతా నాకు తెలీదు రా. రాత్రి పూట ఆ పెట్టెలో దీపాలు వెలిగితే దేవుని గూడు మాదిరి ఉన్నింది," అన్నాడు.

అప్పుడు ఒక మాట అడిగినా. "తాతా, వెనక సీటు ఎట్లా ఉండేది?"

"నేనెప్పుడు కూర్చుంటి? పదమూడేళ్ళు నడిపినా. ఒక్క దినం కూర్చోలేదు."

నేను చెయ్యి పట్టుకోని వెనక కూర్చోబెట్టినా. నేను ముందర కూర్చున్నా. రెండు నిమిషాలు కిటికీలో నుంచి షెడ్డు గోడ చూసినాడు. తర్వాత అన్నాడు, "ఏముంది రా ఇక్కడ? రోడ్డే కనబడదు. పాపం సాహుకారు, ఇన్నేళ్ళు ఇక్కడ కూర్చోనే పోయినాడు."

అప్పుడు తెలిసింది నాకు. ఇంగ్లండులో ఇది ఆఫీసరు తానే నడుపుకునే కారు. దాని అందమంతా స్టీరింగు వెనక కూర్చున్నవానికి. మన దగ్గర ఓనరు వెనక, జీతగాడు ముందర. రెండు లక్షలు పెట్టినవానికి దొరకనిది, నెల జీతానికి వచ్చిన తాతకి దొరికింది. ఆయనకి ఆ బండి ఎప్పుడూ ఫ్లాప్ కాలేదు.

"ఇంటికి తీసుకుపోదామా?" అని అడిగినా.

"వద్దు. నిలబెట్టి చూసేకి అది దేవుడు కాదు, బండి. నడవని బండి నాకెందుకు?" అన్నాడు. తలుపు మాత్రం గట్టిగా వేయలేదు. చేత్తో నెమ్మదిగా నొక్కి మూసినాడు.

పోయిన శనివారం గుజరీ వాళ్ళు వచ్చి తీసుకుపోయినారంట. తాతకి చెప్పినా. తల ఊపి, కాఫీ అడిగినాడు.

ఒరేయ్ అల్లుడూ, నువ్వు అడిగినదానికి జవాబు ఇది. దూరం నుంచి చూస్తే కూలే. లెక్కలు చూస్తే కాదు. నడిపినవాణ్ణి అడగాలంటే ఇంకా ఆలస్యం కాలేదు, తాత ఇంట్లోనే ఉండాడు. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టి, ఆ ఫోటో నువ్వే పెట్టెలో నుంచి తీసి ఆయన చేతికి ఇవ్వు.