గట్టు పోసినోళ్ల వాటా

మాది జైనూరు. మాంగోళ్లం. ఇంట్ల మరాఠీ, బడిల తెలుగు, చేన్ల గోండి మాట్లాడుకుంట పెరిగినోళ్లం. మా తాత కిన్వట్ దిక్కు నుంచి కరువుకు నడిచొచ్చిండు. 1956 దాక కిన్వట్ సుత ఆదిలాబాద్ జిల్లానే. భాషల లెక్కన రాష్ట్రాలు పంచుకున్నప్పుడు అది బొంబాయి రాష్ట్రానికి పోయింది. తాత వచ్చిననాడు దాటింది తాలూకానే, రాష్ట్రం కాదు. అయినా మమ్ముల ఇప్పటికీ ‘మహారాష్ట్రోళ్లు’ అంటరు. కాయితం అడిగే ప్రతి బల్ల ముంగట ఈ ముచ్చట మొదటి నుంచి చెప్పుకోవాలె.

మా గోడకు రెండు ఫోటోలుండేటివి. ఒకటి అంబేద్కర్‌ది, ఇంకోటి అన్నాభావు సాఠేది. సాఠే మా కులంల పుట్టినోడు. బడి మొఖం సరిగ చూడనోడు అన్ని నవలలు రాసిండని బాపు వచ్చినోళ్లందరికీ చెప్పేటోడు. బాపుకు సంతకం రాదు.

నేను చెప్పేది చేను గట్టు గురించి. మన్ను కొట్టుకపోకుండ, వాన నీళ్లు ఉరికిపోకుండ ఆపే గట్టు. దానికి సర్కారు పైసలిస్తది, రైతు కొంత వాటా పెట్టుకోవాలె. ఇనడానికి మంచిగనే ఉన్నది. ఆ వాటా ఎవల ఒంట్లకెళ్లి పోయింది, ఆ గట్టు ఎవలకు మిగిలింది అన్నదే మా ఇంటి కథ.

జైనూరు గుట్టల నడుమ ఊరు. పల్లంల నల్లరేగడి, ఏటవాలు మీద ఎర్రమన్ను, గులకరాళ్లు. వాన తక్కువేం కాదు, కానీ పడితే ఒక్కదినమే కుండపోతగ పడతది. అడివి ఉన్నన్నాళ్లు ఆకులు, వేళ్లు ఆ నీళ్లను పట్టి ఉంచినయి. అడివి పోయి చేను అయినంక, జొన్న పోయి పత్తి వచ్చినంక, ఏటవాలు మీది మన్ను వాగులకు దిగింది. పైన రాళ్లు తేలినయి. పల్లపు చేనోడికి మా మన్ను ఎరువైంది.

మేం దున్నే నాలుగెకరాలు వాగు అవతల ఆ ఏటవాలు మీదనే. పట్టా ఒక గోండు కుటుంబానిది. ‘నువ్వు దున్ను, పంటల పాలియ్యి’ అని తాత కాలంల ఇచ్చిన నోటిమాట. కాయితం ఎందుకు రాసుకోలేదని పట్నం దోస్తులు అడుగుతరు. రాసుకుంటే నేరం. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్ 1963ల తెలంగాణ ఏజెన్సీకి వచ్చింది, 1970ల దాన్ని గట్టి చేసిండ్రు. మనమందరం 1/70 అంటమే, అదే. షెడ్యూల్డ్ ప్రాంతంల భూమి గిరిజనేతరులకు అమ్మొద్దు. ఒక్క అమ్ముడే కాదు, కౌలుకిచ్చినా, కుదువ పెట్టినా, దానమిచ్చినా ఆ చట్టం లెక్కల బదలాయింపే. మా పాలు ముచ్చట కాయితం మీదికెక్కితే గోండు పటేలుకూ తిప్పలే, మాకూ తిప్పలే. అందుకని ముప్పై నలభై ఏండ్లు మేం ఆ చేన్ల లేనోళ్ల లెక్క ఉన్నం.

బాపు మాత్రం ఆ చేనును ఊరికె ఉంచలే. ప్రతి ఏడు మొదటి వానకు గొంగడి కప్పుకొని, కట్టె పట్టుకొని చేన్ల నిలబడేటోడు. నీళ్లు యాడికెళ్లి దిగుతున్నయి, యాడ చీలుతున్నయి, యాడ మన్ను కోస్తున్నయి చూసి కట్టెతో గీత గీసేటోడు. వాన వెలిసినంక ఆ గీత మీద రాళ్లు పేర్చేటోడు. అడుగున బండలు, మీద చిన్నవి, ఎగువ దిక్కు సందులల్ల గులకరాళ్లు. దాని పొంట గరిక, సీతాఫలం గింజలు. నీళ్లను పూర్తిగ ఆపొద్దు, నెమ్మదిగ నడిపించాలె అనేటోడు. ఆపితే గట్టు తెగుతది. నేను పదో తరగతికొచ్చే వరకు ఆ రాళ్ల వరసల ఎగువన మోకాలు లోతు మన్ను కూడింది. అక్కడ కంది ఒత్తుగ మొలిచేది, వానలు ఎనుకకు పోయినా వాడేది కాదు. దీనికి సర్కారు పైస ఒక్కటి ఇయ్యలే. అడగడానికి మా పేరు యాడ ఉన్నది?

తర్వాత వాటర్‌షెడ్ వచ్చింది. మన తెలంగాణ మనిషే, ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు, ఆయన కమిటీ 1994ల నివేదిక ఇచ్చింది. దాని మీద రాసుకున్న మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ నుంచి నడిచినయి. ఒక్కో వాటర్‌షెడ్ ఐదు వందల హెక్టార్లు. పెత్తనం కాంట్రాక్టరుకు కాకుండ ఊరి సంఘానికి. ఎవలి చేన్ల పని అయితదో వాళ్లు కొంత వాటాధనం కట్టాలె, అది సంఘం నిధిల ఉండి రేపు గట్టు తెగితే మరమ్మత్తుకు అక్కరకొస్తది. 2008 ఉమ్మడి మార్గదర్శకాలల్ల లెక్క ఇట్ల ఉన్నది: సొంత భూములల్ల పనికి పదో వంతు, ఎస్సీ ఎస్టీలకు, చిన్న సన్నకారు రైతులకు నూటికి ఐదు. రాసినోళ్ల మనసుల చెడ్డ ఏం లేదు. తనది కొంత పెట్టినోడే గట్టును కాపాడుకుంటడని వాళ్ల నమ్మకం. కానీ ఆ లెక్కల చేను ఉన్నోడు ఒకడే కనబడుతడు, గడ్డపార పట్టిన చెయ్యి కనబడది.

మా దిక్కు పని మొదలైనప్పుడు నేను హాస్టల్ నుంచి ఎండకాలం సెలవులకు వచ్చిన. ఆయి ఎంట పోయిన. ఆయి అంటే మా భాషల అమ్మ. పని జరిగేది 1/70కి ముందే పట్టా చేయించుకున్న ఒక వలస కామందు చేన్ల. కందకాలు తవ్వి, ఆ మన్ను దిగువ దిక్కు గట్టు పోయాలె. కొలతకు నడుమ మట్టి దిమ్మెలు వదలాలె. ఎండకు ఆ నేల ఇనుమే. గడ్డపార ఎగిరి కాళ్ల మీదికి వచ్చేది. మంచినీళ్ల కుండ మర్రి కింద ఉండేది, మేం ముట్టొద్దు. కామందు పాలేరు పైకెళ్లి పోస్తే దోసిట్ల తాగాలె. ఊరికి నీళ్లు నిలపడానికి పొద్దంత తవ్వినోళ్లం!

వారం పైసలిచ్చే నాడు ఆయికి రెండు వందల నలభై రావాలె. రెండు వందల పదహారు చేతుల పెట్టిండు. ఆయికి అక్షరం రాదు గానీ లెక్క తప్పది.

“ఇరవై నాలుగు తక్కువున్నయి సారూ.”

“వాటాధనం పట్టుకున్నం. అందరికీ పట్టుకున్నం.”

“ఎవల వాటా?”

“రైతు వాటా. సంఘం ఖాతాల పడతది.”

“రైతు వాటా రైతును అడగాలె గదా. నా చేనా ఇది?”

కామందు మంచం మీద కూసొని ఉన్నడు. “గట్లయితే రేపటికెళ్లి పనికి రాకు” అన్నడు. అంతే. అతని చేనుకు గట్టు, అతని పేరు మీద వాటా, అతని పేరు మీద రసీదు. ఇరవై నాలుగు రూపాయలు ఆయివి. ఆ వారం అంగడికెళ్లి నూనె రాలే. ఆ ఒక్కనాడు ఒక్క ఆయిదే కాదు, వరసల నిలబడ్డ అందరి కూలికెళ్లి కోసిండ్రు. పెద్దయినంక వేరే జిల్లాల మిత్రులను అడిగిన. వాళ్ల అమ్మల ముచ్చట సుత ఇదే.

ఆ ఎండకాలంలనే కొలిచేటోళ్లు మా చేను దిక్కు సుత వచ్చిండ్రు. ‘ఏ’ అక్షరం లెక్క మూడు కట్టెలు కట్టి, నడుమ దారానికి రాయి వేలాడదీసి, సమమట్టం చూసుకుంట నడిచిండ్రు. వాళ్ల గీత బాపు రాళ్ల వరస మీదనే పోయింది. కొలిచే పిల్లగాడు ఆశ్చర్యపడ్డడు. “ఎవరు పెట్టిండ్రు ఇవి?” అంటే బాపు ఉబ్బిపోయి “నేనే” అన్నడు. “పాసుబుక్కు ఉన్నదా?” బాపు ఏం అనలే. పిల్లగాడు సారు దిక్కు చూసిండు. సారు ముంగటికి నడిచిండు.

తర్వాత పథకాల పేర్లు మారినయి. 2000ల నీరు-మీరు. 2006ల ఉపాధి హామీ మొదలైతే తొలి విడతలనే ఆదిలాబాద్ ఉన్నది. ఉపాధి హామీ కొంత నయం. ఎస్సీ ఎస్టీల భూములల్ల భూమి అభివృద్ధికి రైతు ఏం కట్టక్కర లేదు, కూలి పోస్టాఫీసుల పడ్డది. ఆయి మొదటిసారి కోత లేని కూలి తీసుకున్నది అప్పుడే. కానీ ‘ఎస్సీల భూమి’ అనాలంటే ముందు ఎస్సీకి భూమి ఉండాలె గదా. తెలంగాణ వచ్చినంక డ్రిప్పుకు ఎస్సీ ఎస్టీలకు నూటికి నూరు సబ్సిడీ అన్నరు. పట్టా లేనోడికి నూటికి నూరు అన్నా సున్నానే. అటవీ హక్కుల చట్టం 2006ల వచ్చింది. గిరిజనేతరులైతే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే డెబ్బై ఐదేండ్లు అక్కడ ఉన్నట్టు చూపాలె. కరువుకు నడిచొచ్చిన తాత ఏ రసీదు పట్టుకొచ్చిండు చూపడానికి?

ఈ కాయితం ముచ్చట మన ఒక్కలదే కాదు. అమెరికాల 1996 నుంచి ఎక్విప్ అని ఒక పథకం ఉన్నది. రైతు తన పొలంల మన్ను, నీళ్లు కాపాడే పని చేస్తే ఖర్చుల పెద్ద వాటా సర్కారు ఇస్తది, మామూలు రైతుకు 75 శాతం దాక, ఎనుకబడేసినోళ్లకు 90 దాక. కానీ దక్షిణాది నల్ల రైతుల భూములు ఎన్నో తాతల పేరు మీదనే ఉండిపోయినయి. తెల్లోళ్ల కోర్టుల మీద నమ్మకం లేక వీలునామాలు రాయలేదు. స్పష్టమైన హక్కు కాయితం లేనోళ్లకు పథకాల తలుపు తెరుచుకోలే. వాళ్ల పట్ల వ్యవసాయ శాఖ చూపిన వివక్ష మీద పిగ్‌ఫోర్డ్ కేసుల 1999ల ఒప్పందమైంది. 2018 వ్యవసాయ చట్టంల, పట్టా లేకున్నా వేరే రుజువులతో సాగుదారును గుర్తించే దారి పెట్టిండ్రు. 1972ల బొంబాయిల మనోళ్లు నల్ల పాంథర్ల పేరు తెచ్చుకొని దళిత పాంథర్స్ పెట్టుకున్నరు. పేరు తెచ్చుకున్నం, ఈ పట్టా లేని సాగుదారు ముచ్చట సుత తెచ్చుకుంటే బాగుండు.

ఇది చదివి ఎవలన్న ‘అయితే 1/70 ఎత్తేయాలె’ అంటే నేను వాళ్ల ఎంట లేను. ఆ మాట మా నోటితోని అనిపించాలని షావుకార్లు, కామందులు మస్తు చూసిండ్రు. మా మండలంలనే మార్లవాయి ఉన్నది. హైమండార్ఫ్ 1940లల్ల అక్కడ ఉండి గోండుల భూమి ఎట్ల పోయిందో రాసిండు. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీం భూమి కోసమే ప్రాణమిచ్చిండు. ఆ చట్టం పోతే భూమి మాంగోడికి రాదు, జీపుల తిరిగేటోడికి పోతది. పటేలు ఇంట్ల మా పళ్లెం వేరే ఉండేది, ఆ ముచ్చట దాచను. అయినా అతని భూమి అతనిదే.

2018ల రైతుబంధు వచ్చింది. ఎకరాకు పంటకు నాలుగు వేలు, పట్టాదారు పేరు మీద. దానికి ముందు భూరికార్డుల ప్రక్షాళనల, సాగు చేసేటోడి పేరు రాసే అనుభవదారు ఖానానే కొత్త పాసుబుక్కుల లేకుండ పోయింది. గోండు పటేలు మనుమడు చదువుకున్నోడు, మంచిగనే మాట్లాడుతడు. బాపు దగ్గరికి వచ్చి, “కాకా, చేను మేమే చేసుకుంటం ఇగ” అన్నడు. బాపు సరే అన్నడు. కొట్లాడటానికి ఏం లేదు, భూమి వాళ్లది. రాళ్లు మాత్రం బాపువి. ఆ మోకాలు లోతు మన్ను బాపుది. అది కొలిచి ఇంత అని కట్టిచ్చే పద్ధతి ఏ పథకంల లేదు. నేను రాసిన అర్జీల అడిగింది అదొక్కటే. సాగు చేసినోడికి భూమి మీద హక్కు ఇయ్యకున్నా సరే, చేసిన పనికి లెక్క కట్టుండ్రి, గట్టు ఎవల పేరు మీద ఉన్నా పోసింది ఎవలో ఒక ఖానాల రాయుండ్రి. అర్జీకి ముద్ర పడ్డది. జవాబు రాలే.

ఆ చేను చేతులు మారినంక ఒక వానకాలం రాళ్ల వరస ఒక తావున జారింది. పటేలు మనుమడు వచ్చి, “కాకా, ఎట్ల పేర్చాలెనో జర చూపెట్టు” అన్నడు. బాపు గొంగడి కప్పుకొని పోయిండు. పొద్దుగూకే దాక వంగి పేర్చి, బురద కాళ్లతోని వచ్చి పండుకున్నడు. ఏం అడగలే. ఆయి తెల్లారి పోయి మూడు వందలు అడిగి తెచ్చింది.