అడుగుట, ఆలకించుట

పరిశోధన యనగానే గాజుగొట్టములును, గణితయంత్రములును మన మనస్సునకు దోచును. అవి లేకయే జరుగు పరిశోధన యొకటి కలదు. దానిని గుణాత్మక పరిశోధన యందురు. ఎందరు, ఎంత యను ప్రశ్నలకు లెక్క సమాధానము చెప్పును. ఏల, ఎట్లు అను ప్రశ్నలకు మనుష్యుల మాటయే సమాధానము. ఆ మాటను శ్రద్ధతో నడిగి, విని, విన్నది విన్నట్లు వ్రాసి, దాని యర్థమును విచారించుటయే యీ పద్ధతి. ఇరుగుపొరుగులతో మాటలాడుట మనకు గ్రొత్త గాదు. క్రమము మాత్రము నేర్చికొనవలెను.

ఇట్టి పనికి మన భాషలోనే యొక గొప్ప యుదాహరణము గలదు. హైదరాబాదునందలి స్త్రీశక్తి సంఘటన వారు, తెలంగాణా సాయుధ పోరాటమున బాల్గొన్న స్త్రీల యొద్దకు బోయి, వారి జీవితములను వారి నోటనే చెప్పించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను పేర బ్రకటించిరి. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యము మున్నగువారి మాటలు అందు గలవు. పోరాటము ముగిసి పెక్కేండ్లు గడచిన పిమ్మట నడిగినందున గదా యా మాటలు మనకు దక్కినవి!

మేమును మా శక్తికొలది యొక చిన్న విచారణ జేసితిమి. మా గ్రామమున బడి 5వ తరగతితో ముగియును. ఆపైన 5 కిలోమీటర్ల దూరమున నున్న ఉన్నత పాఠశాలకు బోవలెను. మావారు అచ్చట నుపాధ్యాయులు. 8వ తరగతి వచ్చునప్పటికి మా యూరి బాలికలు కొందరు చదువు మానుచుండిరి. కారణ మేమన్న, "ఇంటిపని" యను నొక్క మాటయే వచ్చుచుండెను. ఇంటిపని లేని యిల్లేది? మానినవా రేల మానిరి, మానని వారేల మానలేదు? ఈ ప్రశ్న నొక్క వాక్యముగా వ్రాసికొని పని ప్రారంభించితిమి. ప్రశ్న యొక్క వాక్యమున నిముడనిచో విచారణ దారి తప్పును.

పిమ్మట నెవరి నడుగవలెనో నిర్ణయించితిమి. మా వీధివారినే యడిగిన మా వీధి సంగతియే తెలియును. కావున ప్రతి వీధియందును, చదువు మాన్పించిన యిండ్లను, కొనసాగించుచున్న యిండ్లను గూడ నేరుకొంటిమి. క్రొత్త సంగతి వినవచ్చు నందాక నడిగి, విన్నదే మరల మరల వినబడ జొచ్చినప్పుడు ఆపితిమి.

ప్రశ్నించు తీరు మిక్కిలి ముఖ్యము. భారతమున యక్షు డడిగినట్లు అడుగరాదు. ఆ ప్రశ్నలకు సమాధానము యక్షునికి ముందే తెలియును. నైమిశారణ్యమున శౌనకాదులు సూతుని "చెప్పు" మని యడిగి కూర్చుండినట్లు అడుగవలెను. "ఇంటిపనికే మాన్పించితిరా?" యన్న "అవును" అందురు. "మీ యమ్మాయి బడికి బోవు దినము తెల్లవారినది మొదలు రాత్రి వఱకు నెట్లు గడచెడిది?" యన్న కథ వచ్చును.

అడుగువా రెవరో చూచియే జనులు బదులు చెప్పుదురు. మేము మేష్టారి యింటివారము గదా! అందుచే బ్రతి యింటను ముందుగా, పేళ్లు వ్రాయమనియు, ఇష్టము లేనిచో మాటను మధ్యలో నాపవచ్చుననియు జెప్పితిమి. పిదప వారితోపాటు చింతపండు గింజలు దీయుచు గూర్చుండితిమి. ఒక తల్లి రెండు మారులు "ఇంట్లో పనమ్మగారూ" అనియే చెప్పినది. మూడవమారు కొంతసేపు మాటలేక యుండి, "పనేముందమ్మగారూ, నే చేసుకోలేనా? సాయంత్రం బస్సు ఒక్కోరోజు రాదు. పొద్దుగూకినాక ఆడపిల్ల రోడ్డు మీద నిలబడితే ఊరు ఊరుకుంటుందా?" అన్నది. ఆ మౌనమును మేము మాటలతో నింపలేదు. ఆ మాటను సంస్కరించి గ్రంథభాషలోనికి మార్చనులేదు.

విన్నది నాటి రాత్రియే వ్రాయవలెను. ప్రతులు వేఱువేఱు చోట్ల నుంచవలెను. సుప్రసిద్ధ సమాజ శాస్త్రజ్ఞులు ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు ప్రాంతపు గ్రామమున నివసించి సేకరించిన విషయములను పెక్కేండ్లు క్రమపఱచిరి. ఆ వ్రాతల మూడు ప్రతులును అమెరికాలో నొక్క చోటనే యుండగా, 1970లో నచ్చట దుండగులు పెట్టిన నిప్పునకు బలియైనవి. వారు ప్రధానముగా జ్ఞాపకము నాధారముగా గొని వ్రాసిన గ్రంథము 1976లో వెలువడినది. అట్టి జ్ఞాపకశక్తి యందఱకు నుండునా?

వ్రాసినవాని నెదుట బెట్టుకొని, ఒకే భావము గల మాటల నొకచోట జేర్చితిమి. తక్కినవానితో పొసగని మాటను మాత్రము త్రోసివేయరాదు. ఒక బాలిక, ఇంట పని యధికముగా నున్నను, చదువు మానలేదు. విచారింపగా, ఆమె మేనమామ బస్సు ఆగుచోట టీ దుకాణము నడుపుచున్నాడు. బస్సు వచ్చుదాక నామె యచ్చటనే కూర్చుండును. ఆ యొక్క యిల్లు తక్కిన యిండ్ల మాటను స్థిరపఱచినది.

మేము వ్రాసినదానిని తల్లులకు జదివి వినిపించితిమి. దీనిని "భయ" మనవలెనా యని యడుగగా, "భయం కాదమ్మగారూ, మాట పడటం" అనిరి. ఆ పదమునే యుంచితిమి.

ఒక తల్లి యింకొక సంగతి చెప్పి, "ఇది మాత్రం రాయొద్దమ్మగారూ" అని మా చేయి పట్టుకొన్నది. అది వ్రాసినచో మా విచారణకు బలము హెచ్చెడిది. ఎవరి యింటి సంగతియో చెప్పుమని మావారును అడిగిరి. చెప్పలేదు. నమ్మి దాచుకొన నిచ్చిన సొమ్మువంటి దా మాట; వెచ్చించుటకు మన కధికారము లేదు. అది యీ వ్యాసమునందును లేదు.

సాయంకాలము ఇద్దఱు తల్లులు వంతులవారీగా బస్సుచోట వేచియుండుటకు ఇప్పుడు తమలో దాము నిశ్చయించుకొన్నారు. బడులు తెఱచు జూను మాసమున నెందరు బాలికలు మరల బోవుదురో హాజరు పుస్తకము చెప్పును. పోనివారుండిన, ఏల పోలేదో యడుగుటకు మరల వారి యరుగులపై గూర్చుందుము.