విశ్రాంతి దినమున గృహిణి

లోకమున విశ్రాంతిని గూర్చి ఉపన్యసించువారు పెక్కండ్రు కలరు. ఆ ఉపన్యాసము విని ఇంటికి వచ్చినవారికి అన్నము వడ్డించు నామె మాత్రము ఒక్కతెయే. ఆమెకు విశ్రాంతి యెప్పుడు, యెట్లు లభించునను విషయమును సోదరీమణులతో ముచ్చటింపవలెనని చిరకాలముగా మా మనసున నున్నది. మేము ఒక ఉపాధ్యాయుని ఇల్లాలము. క్రైస్తవ కుటుంబమున పుట్టి, క్రైస్తవ కుటుంబమున మెట్టినవారము. మా తండ్రిగారు బాల్యమున మాకు బైబిలుతోపాటు ఆంధ్ర మహాభారతమును, అమరకోశమును ఇంటనే చెప్పిరి. ఆ చదువు వలన, ఒక మాట విన్నంతనే దాని వేరు వెదకు అలవాటు మాకు పట్టుబడినది.

'విశ్రాంతి' యను మాటనే చూడుడు. శ్రమ, పరిశ్రమ, ఆశ్రమము, విశ్రాంతి – ఇవి యన్నియు ఒక్క ధాతువునుండి పుట్టినవే. శ్రాంతి యనగా అలసట. అది తొలగుట విశ్రాంతి. కావున శ్రమించినవారికే విశ్రాంతియందు అధికారము కలదు. ఇల్లాలు కొంతసేపు నడుము వాల్చినచో సోమరితనమని గద్దించు పెద్దలు మన యిండ్లలో నేటికిని కలరు. వారు ఈ మాట అర్థమును విచారింపలేదని చెప్పక తప్పదు.

మా సీమ నల్లరేగడి సీమ. కార్తీకము మొదలు సంక్రాంతి దాటువరకు పత్తి తీత. సంక్రాంతి మొదలు చైత్రము వరకు మిరప కోత. మిరప ఒక్కమారు కోసిన తీరదు. పండినది పండినట్లు మూడు నాలుగు మార్లు కోయవలెను. కోసిన కాయను కల్లమున పరచి, ఎండబెట్టి, తాలు కాయ లేరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపవలెను. కోయుట, ఏరుట, తొడిమలు తీయుట – వీనిలో అధికభాగము స్త్రీల చేతిమీదుగనే నడచును. సరిగా ఆ దినములయందే బడులలో వార్షిక పరీక్షలు. ఆ దినములయందే శ్రమకాలపు ఆరాధనలు, ఈస్టరు పండుగ. గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారములు సెలవు. వేసవిలో సుమారు ఒక మాసము సెలవు. మిరపకాయకు సెలవు దొరకినది గాని, కాయ కోసిన చేతులకును, ఆ కాయతో కారము దంచిన చేతులకును దొరకలేదు.

ఇక క్రైస్తవ గృహమున ఆదివారము సంగతి. ఆ దినమున కోడికూర లేని యిల్లు మా ప్రాంతమున అరుదు. తెల్లవారకమునుపే మసాలా నూరి, పిల్లలకు తలంట్లు పోసి, ఇస్త్రీ బట్టలు తొడిగి, గంట మ్రోగుసరికి దేవాలయము చేరవలెను. ఆరాధన ముగిసిన పిమ్మట బంధువులు, దూరపు ఊళ్ళ విశ్వాసులు ఇంటికి వత్తురు. సాయంకాలము స్త్రీల సమాజ కూటము. ఇట్లు విశ్రాంతి దినమని పేరుగల దినమే వారము మొత్తమున మిక్కిలి అలసట గల దినమగుచున్నది. గ్యాసు పొయ్యియు మిక్సీయు వచ్చినవి, రోలు మూలబడినది. కాని మిగిలిన ఘడియలను క్రొత్త పనులు మ్రింగివేసినవి. 2019వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమువారు జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని ఇంటిపని చేయువారిలో స్త్రీ దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది.

విశ్రాంతి దినపు ఆజ్ఞను గుంటూరు లూథరన్లు మూడవదిగా లెక్కింతురు. ఒంగోలు బాప్టిస్టులు నాలుగవదిగా లెక్కింతురు. లెక్క యేదైనను ఆజ్ఞ యొక్కటే. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంటనున్న పరదేశి – వీరందరును ఆ దినమున పని మానవలెనని అందు కలదు. ఈ పట్టికలో భార్య పేరు లేదు! చిన్ననాడు మేము దీనిని మా తండ్రిగారి నడిగితిమి. "అమ్మా, ఆజ్ఞ 'నీవు' అని ఆరంభమైనది. ఆ నీవులో ఇంటి యజమానుడును, యజమానురాలును ఇద్దరును కలరు. విశ్రాంతి పొందు హక్కే కాదు, ఇతరులకు ఇచ్చు భారము కూడ నీదే" అని వారు చెప్పిరి. ఈ రెండవ మాట బరువు మేము కాపురమునకు వచ్చిన తరువాత గాని తెలియలేదు.

ఈ ఆజ్ఞకై మన ప్రాంతపు పేదవారు ఎంత మూల్య మిచ్చిరో మన ఆడపడుచులలో పలువురకు తెలియదు. అమెరికా బాప్టిస్టు మిషను పక్షమున జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. తోళ్ళ వర్తకము చేయు యెర్రగుంట్ల పేరయ్యగారి వంటివారి మూలమున ఆ బోధ మాదిగపల్లెలకు వ్యాపించినది. క్రొత్తగా చేరినవారికి దొరగారు ముఖ్యముగా మూడు నియమములు చెప్పిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. దొరగారు గతించిన పిమ్మట 1914లో వెలువడిన వారి జీవితకథలో ఈ వృత్తాంతము కలదు.

వీనిలో మొదటి నియమము నేడు మనకు సులువుగా తోచును. ఆనాడు అట్లు కాదు. ఊరివారికి చెప్పులు కుట్టుట, మోటకు తోలు సామగ్రి సమకూర్చుట, డప్పు కొట్టుట – పిలిచిన దినమున పిలిచినట్లు పోవలసిన వెట్టి అది. అట్టివాడు "నేడు రాను, ఆదివారము" అనుట ఊరిపెద్దలకు ధిక్కారముగా తోచినది. పలు గ్రామములలో వారికి పని లేకుండ, మేలు లేకుండ చేసిరి. అయినను వారు వెనుదీయలేదు. 1876–78 మహాక్షామము పిమ్మట, 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారికి ఆదివారపు విశ్రాంతి సుఖము కొరకు కాదు. తాము ఒకరి సొత్తు కామని లోకమునకు తెలుపుట కొరకు. ద్వితీయోపదేశకాండమున ఈ ఆజ్ఞకు చెప్పిన కారణమును ఇదియే: ఐగుప్తులో మీరును దాసులై యుంటిరి, మరువకుడు అని.

అట్లు సంపాదింపబడిన దినమును మనము వంటయింట పోగొట్టుకొనుట తగునా? అంతకంటె ముఖ్యముగా, మన విశ్రాంతి కొరకు మరియొక స్త్రీ విశ్రాంతిని హరించుట తగునా? మా యింట అంట్లు తోము నామెకు ఆదివారము సెలవని మేము చెప్పితిమి. "జీతం కోస్తారా, అమ్మగారూ?" అని ఆమె మొదట అడిగిన ప్రశ్న. కోయమని చెప్పిన పిమ్మట, "అయితే ఆదివారం మా ఇంట్లో గుడ్డలుతుక్కుంటా" నన్నది. సెలవిచ్చినంత మాత్రమున విశ్రాంతి ఇచ్చినట్లు కాదని ఆ మాట వలన తెలిసినది. ఆమె యింటను పనిని పంచుకొను చేతులు ఉండవలెను.

మహాభారతమున ద్రౌపది సత్యభామతో, తాను అందరికంటె ముందు లేచి, అందరికంటె వెనుక నిద్రించునని చెప్పును. అద్దంకి ఆస్థానకవి యగు ఎఱ్ఱాప్రగడ తెనిగించిన అరణ్యపర్వ శేషములోని కథ యిది. ఈ కథను చూపి మనకు బుద్ధులు చెప్పువారు, ఆ రాజగృహమున వేలకొలది దాసీజన ముండిరని అదే చోట ఉన్న సంగతిని మాత్రము చెప్పరు!

బైబిలులో ఏలీయా ప్రవక్త కథ మాకు మిక్కిలి ప్రియమైనది. ప్రాణభీతితో పారిపోయి, బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చావే మేలని ప్రార్థించెను. దేవుడు దూతను పంపి మొదట చేసిన దేమి? మందలింపలేదు, బోధ చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టెయు నీళ్ళును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. శిష్యులు తినుటకైనను తీరికలేక తిరుగుచున్నప్పుడు యేసుప్రభువును వారిని ఏకాంతమునకు పిలిచెను. దేహమును విడచి ఆత్మకు వేరుగ విశ్రాంతి లేదని దీని భావము. మన ఆయుర్వేదము సైతము ఆహారముతో సమముగ నిద్రను శరీరమునకు ఆధారస్తంభమని చెప్పుచున్నది. పెద్దవారికి రాత్రి 7 గంటలకు తక్కువ కాని నిద్ర కావలెనని నేటి వైద్యులందురు. నిద్రించినను అలసట తీరనిచో రక్తపరీక్ష చేయించుకొనుడు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. అట్టివారికి సెలవు చాలదు, వైద్యము కావలెను.

మా యింట మేము చేసికొన్న యేర్పాటు చెప్పెదము. కూర శనివారము రాత్రికే. ఆదివారము మధ్యాహ్నమునకు ముందునాడు కలిపిన పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగు. తిన్న కంచము ఎవరిది వారు కడుగుకొందురు. నీళ్ళు నింపుట మగపిల్లల పని. మా వారు మొదట నవ్వి, "పొయ్యి వెలిగింపకున్న మన యింట ఉపవాస ప్రార్థన యని సంఘమంతయు అనుకొనును" అనిరి. ఇప్పుడు ఆ పూట అప్పడములు వేయించుట వారిదే. సగము మాడినను మేము మాటాడము. భోజనానంతరము మూడు గంటలసేపు ఫోనులన్నియు బీరువాలో నుండును. అతిథులు వచ్చినచో ఉన్నదానినే పంచుదుము. పులిహోర తిని నొచ్చుకొన్న చుట్టమును ఇంతవరకు చూడలేదు.

అయితే దీనిని కఠిన నియమముగా చేసికొనవలదు. కల్లమున మిరపకాయ యుండగా ఆదివారము మబ్బు పట్టెనేని, పట్టాలు కప్పుటకు పరుగెత్తవలసినదే. ప్రక్కయింటివారి కల్లమైనను పోవలసినదే. బావిలో పడిన ఎద్దును విశ్రాంతి దినమున పైకి తీయనివాడు ఎవడని ప్రభువే అడిగెను గదా. చంటిబిడ్డ తల్లికిని, రోగికి సేవచేయు కోడలికిని వారమున ఒక దినము కుదరకపోవచ్చును; వారికి దినమునకొక గంట యైనను ఇంటివారు కలిపించి యీయవలెను.

సోదరీమణులారా, మొదట ఒక్క పూటతో నారంభింపుడు. ఆ పూట మీకు దొరకిన పిమ్మట, మీ యింట పనిచేయు నామెకు దొరకినదో లేదో అడుగుడు. మిరప కోతలలో మీ చేనికి వచ్చు కూలి స్త్రీలకు వారమున ఒక దినము నష్టములేని సెలవు ఎట్లు సాధ్యమగునో మీ మగవారితో కూర్చుండి లెక్క వేయుడు. ఆ లెక్క కుదిరిన గ్రామమున ఆదివారపు గంట మాలమాదిగపల్లెలోను, ఊరిలోను ఒక్కటిగనే వినబడును.