మన రాతిని చదవడం నేర్పిన సారు



ఈ వారం మన మధ్యనే ఉన్న ఒక రిటైర్డ్ సైన్స్ సారును గురించి రాస్తున్నాం. పేరు వద్దని ఆయనే అన్నారు గనుక సారు అనే పిలుస్తాం.

బేతంచెర్లలో మనకు అన్నం పెట్టేది రాయి. ఎటు చూసినా నాపరాయి పలకలు, పాలిష్ ఫ్యాక్టరీలు, కోత మిషన్ల మోత. సారు పాఠం కూడా ఆ రాతితోనే మొదలయ్యేది. ఆయన పనిచేసిన బడుల్లో ల్యాబు సామాను తక్కువ. ఫ్యాక్టరీల పక్కన పారేసిన ముక్కలు ఏరుకొచ్చి పిల్లల చేతికిచ్చేవారు.

రాతిని గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ వస్తుంది. ఆ బుడగల్లో ఉండేది కార్బన్ డయాక్సైడ్. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తేట పాలలా తెల్లబడుతుంది. రాతిలోంచి వచ్చిన వాయువే మన ఊపిరిలోనూ ఉందని పిల్లలు అలా కళ్లారా చూశారు. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయని ఇంట్లో అమ్మలకు తెలిసిందే. దానిలో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు ఎందుకొస్తుందో సారు చెప్పేవారు.

మన దగ్గరి బిళ్లసర్గం గుహలు కూడా ఆయనకు పాఠమే. వాననీరు మట్టిలోని అదే వాయువును కలుపుకొని, సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తే గుహలయ్యాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి జంతువుల ఎముకలు బయటికి తీశారు. వాటిని పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ ఒక ఖడ్గమృగానికి మన కర్నూలు పేరే పెట్టారు. “మా ఊర్లో ఖడ్గమృగం తిరిగిందా సార్?” అని అడగని పిల్లోడు లేడట.

అయితే సారుకు కష్టమైన పని తరగతిలో లేదు. తొమ్మిదో తరగతి మధ్యలో ఒక పిల్లోడు రాకుండా పోయేవాడు. ఇంట్లో అప్పు, నాయనకు ఆయాసం. పిల్లోడు రాతి పనికి. సాయంత్రం సారు ఆ గడపలో కూర్చునేవారు.

“చదివి ఏం చేస్తాడు సార్? రాయే కదా మాకు” అనేవాడు తండ్రి.

“రాతిపని తక్కువదని నేననలేదప్పా. పది పాసు కానీ. తర్వాత ఏ పనికి పోవాలో వాణ్నే ఎంచుకోనీ.”

18 ఏళ్లు నిండనివారిని గనుల్లో పెట్టకూడదని చట్టం ఉందని కూడా చెప్పేవారు. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. 58 ఏళ్లకు రిటైరైన సారు, ఉద్యోగాల్లో స్థిరపడినవారి గురించి అడిగితే నవ్వి ఊరుకుంటారు. బడికి తిరిగి రాని పిల్లల పేర్లు మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటిగా చెబుతారు. వారిలో కొందరు ఈ రోజు మిషన్ల దగ్గరే ఉన్నారు. దారిలో కనిపిస్తే, “నీళ్లు పోస్తూ కోయండి, దుమ్ము లేవదు; మూతికి గుడ్డ కట్టుకోండి” అని ఆగి చెప్పి పోతారు.

మందలోనుండి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెదికే కాపరిని గురించి మేము ఎన్నోసార్లు బోధించాం. ఆ పని జీతం పుస్తకంలో లేకపోయినా చేసిన మనిషిని మన వీధిలోనే చూశాం.

జూన్‌లో బడులు తెరుస్తారు. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ బడి మానిన పిల్లలుంటే మాకు చెప్పండి. ఆ గడపకు సారుతో కలిసి మేమూ వస్తాం. అప్పుల మాట ఉంటే అదీ కూర్చుని మాట్లాడుకుందాం.

దేవుడు సారుకు ఆరోగ్యమిచ్చి, మన పిల్లలను కాపాడును గాక.