రెండు తలుపులు

ఈ పుటను చాలాకాలంగా పాడుబెట్టాను. పద్యమో ప్రబంధమో తప్ప మరొకటి ముట్టని ముసలి పండితుడు ఈసారి కంప్యూటరు ఆటను గురించి రాస్తున్నాడంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి గాని, చివరిదాకా చదవండి.

సంక్రాంతికి మా అబ్బాయి సకుటుంబంగా హైదరాబాదునుండి వాడరేవు వచ్చాడు. (వాడ అంటే ఓడ. మా ఊరి పేరులో ఉన్నది ఇళ్ళ వాడ కాదని మనవడికి ఏటా చెబుతాను, ఏటా మరచిపోతాడు.) కనుమనాడు గారెలు తిని, సముద్రపు గాలికి అరుగుమీద నడుం వాల్చాను. మనవడు పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో ఏదో ఆడుతున్నాడు. తుపాకుల మోత లేదు, పరుగులు లేవు. ఒక ఇంగ్లీషు పెద్దమనిషి గొంతు మాత్రం కథ చెప్పుకుపోతోంది. కథ అనేసరికి చెవి అటు తిరిగింది.

ఆట పేరు 'ది స్టాన్లీ పారబుల్'. డేవీ రెడెన్ అనే అమెరికా కుర్రవాడు 2011లో మరొక ఆటను మార్చి దీన్ని తయారుచేశాడట. విలియం పగ్ అనే మరొకడితో కలిసి 2013లో విడిగా వెలువరించాడు, 2022లో పెంచి మళ్ళీ విడుదల చేశాడు. కథ చెప్పే గొంతు కెవన్ బ్రైటింగ్‌ది. స్టాన్లీ ఒక గుమాస్తా, అతని సంఖ్య 427. తెరమీద ఏ మీట నొక్కమంటే ఆ మీట నొక్కడమే అతని ఉద్యోగం. ఒకనాడు చూస్తే ఆఫీసులో ఎవరూ లేరు. లేచి నడుస్తాడు. ఎదురుగా రెండు తలుపులు. స్టాన్లీ ఎడమ తలుపులోనుండి వెళ్ళాడని కథకుడు చెబుతాడు.

నన్ను పట్టి నిలిపింది ఆ క్రియాపదం. ఆటగాడు ఇంకా అడుగు వేయలేదు, కథకుడు అప్పుడే భూతకాలంలో చెప్పేశాడు! చిన్నయసూరి వర్తమాన, భూత, భవిష్యత్తులతోబాటు తద్ధర్మార్థకాన్ని కూడా చెప్పాడు గదా. ఇక్కడ భవిష్యత్తైనా తద్ధర్మమైనా సరిపోయేది. జరగనిదాన్ని జరిగిపోయినట్టు చెప్పడంలో ఒక పెత్తనం ఉంది. మనవడు కుడి తలుపులోకి వెళ్ళాడు. కథకుడు మొదట సర్దుకున్నాడు, తరువాత బతిమాలాడు, ఆపైన విసుక్కున్నాడు. చీపుర్లు పెట్టే చిన్న గదిలో దూరి ఊరకే నిలబడితే, అక్కడేమీ లేదు బయటికి రమ్మని సాధించాడు. మొదటినుండి చివరిదాకా చెప్పినట్టే వింటే ఏమవుతుందని అడిగాను. మనుషుల మనసులను ఆడించే యంత్రం ఒకటి ఆ భవనంలో ఉంటుందట. దాన్ని ఆపి స్టాన్లీ ఆరుబయటికి వస్తాడట, స్వతంత్రుడవుతాడట. చెప్పిన ప్రతి మాటా విన్నవాడికి స్వాతంత్ర్యం!

"ఇంగ్లీషు గొంతు ఆపేస్తాను, నువ్వు చెప్పు తాతయ్యా" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, "స్టాన్లీ యను గుమాస్తా ఎడమ ద్వారమున ప్రవేశించెను" అన్నాను. కుర్రవాడు కుడికి పోయాడు. "దారి తప్పెను, అయినను బుద్ధి తెచ్చుకొని మరలెను." మరలలేదు. మూడోసారికి నాకు నిజంగానే ఒళ్ళు మండింది. "చెప్పేది వినవేమిరా!" అని కేక వేశాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అచ్చం ఆయనలాగే అరుస్తున్నావు" అన్నాడు.

ఇది వీళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. పొన్నెకల్లు నాజరుగారి బుర్రకథ విన్నవారికి తెలుసు, కథకుడు ఎత్తుకున్నదాన్ని వంతలు అడ్డుకుంటేనే రక్తి. విక్రమార్కుడి భుజంమీది బేతాళుడు మరీ దగ్గర చుట్టం. కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి పలకకపోతే తల పగులుతుంది, పలికితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. రెండు తలుపులూ బేతాళుడు కట్టినవే. తండ్రీకొడుకులు ఒక కూతురినీ ఆమె తల్లినీ తారుమారుగా పెళ్ళాడితే, పుట్టే బిడ్డల వరుస ఏమిటన్న చివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తోచలేదు. అప్పుడుగాని ఆ కథ ముగియలేదు.

ఆటను ఐదేళ్ళు ముట్టకుండా ఉంటే అందులో ఒక బిరుదు ఇస్తారని మనవడు చెప్పాడు. నాకు చీరాల-పేరాల గుర్తొచ్చింది. 1921లో పురపాలక సంఘం వద్దన్న జనం, పన్ను కట్టడమా జైలుకు పోవడమా అన్న రెండు తలుపులూ వదిలేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరే ఖాళీచేశారు. బయట రామనగరమని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చివరికి తిరిగి రాక తప్పలేదనుకోండి. ఇదంతా ఉత్సాహంగా చెబుతున్నాను.

గుమ్మంలో నిలబడి వింటున్న మా అబ్బాయి, "ఆ ఊరి పక్కనే ఉండీ మనం ఎడమ తలుపే తీశాం నాన్నగారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

1996లో వాడు పదోతరగతి పాసయ్యాడు. తెలుగు చదువుతానన్నాడు. వాడి పద్యపఠనం విని మురిసిపోయినవాణ్ణి నేనే. అయినా తెలుగు కూడు పెట్టదన్నాను. తెలుగు పెట్టిన కూడు తింటూ అన్నాను. ఇంటర్ దరఖాస్తులో ఎంపీసీ అని నా దస్తూరితోనే నింపాను. వాడు సంతకం చేశాడు. కాలేజీలో చేరకముందే చుట్టాలతో "మావాడు ఇంజనీరు అయిపోయాడు" అనేవాణ్ణి. భూతకాలం. వాడు బాగానే ఉన్నాడు, ఇల్లు కట్టాడు, మమ్మల్ని చూసుకుంటున్నాడు. వాడి నోట పద్యం విని మాత్రం ఇరవై ఏళ్ళు దాటింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు, "మామయ్యగారూ, వీణ్ణి ఇంటర్లో ఏ గ్రూపులో చేర్చమంటారు? మీరు చెబితే వింటాడు" అంది. అబ్బాయి తలెత్తి నావంక చూశాడు. 1996లో నాకు జవాబు తెలుసు. ఇప్పుడు వెదికినా దొరకలేదు. మజ్జిగ పోసుకుని, ఉప్పు అందుకున్నాను.

"ఒరేయ్, ఆ కథకుడు మాట్లాడటం మానేస్తే స్టాన్లీ ఏం చేస్తాడురా?" అని మనవణ్ణి అడిగాను.

"నేనింకా అంతదూరం ఆడలేదు తాతయ్యా" అన్నాడు.